ఫ్లెక్సీ చుట్టతో అండమాన్‌కి

అండమాన్ వెళ్లొచ్చానని తెలిస్తే మా వీధిలో అందరూ అడిగే మొదటి ప్రశ్న, జైలు చూశావా అని. చూడలేదు. రెండో ప్రశ్న, సముద్రంలో దిగావా అని. దిగలేదు. మరి ఏం చూశావే తల్లీ అంటూ నొసలు చిట్లిస్తారు. నేను బోర్డులు చూశాను, ఒక చెట్టు చూశాను, మా వదిన్ని చూశాను. అంత దూరం పోయి చూసేవి ఇవేనా అంటే నా దగ్గర చిన్న జవాబు లేదు. తీరిగ్గా కూర్చుంటే చెబుతాను.

ముందు నా సంగతి. నర్సీపట్నం బస్టాండు వెనక సందులో మాకు ఫ్లెక్సీల షాపుంది. పుట్టినరోజైనా, పెళ్లయినా, పెద్దకర్మయినా, నాయకుడెవరో ఊళ్లోకొస్తున్నా మనవాళ్లకి ఫ్లెక్సీ పడాల్సిందే. మెషీను మా ఆయన చూసుకుంటారు. కంప్యూటర్ మీద డిజైను నాది. అందుకే ఏ ఊరెళ్లినా నా కళ్లు ముందు బోర్డుల మీదకే పోతాయి. అక్షరం వంకర పోయిందా, రంగు వెలిసిందా, ఫొటోలో మనిషి అడ్డంగా సాగిపోయాడా అని చూసుకుంటూ నడుస్తాను. ఇదొక జబ్బు.

మా అన్నయ్య సత్యం పెళ్లికి ముందే అండమాన్ వెళ్లిపోయాడు. అక్కడే పుట్టి పెరిగిన తెలుగుపిల్ల పార్వతిని చేసుకుని, పోర్ట్‌బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ అనే పేటలో వలలూ తాళ్లూ అమ్మే కొట్టు పెట్టాడు. వాళ్లకో పాప పుట్టింది. ఆ తర్వాత సునామీలో ఆ కొట్టు పోయింది. తర్వాత సముద్రానికి దూరంగా, ఫెరార్గంజ్ దాటాక రోడ్డు మీదున్న ఒక చిన్న ఊరికి మారిపోయారు. అక్కడ ఆ పనీ ఈ పనీ చేసి, ఇన్నేళ్లకి సొంతంగా టిఫిన్ హోటల్ తెరిచాడు. తెరిచిన కొన్నాళ్లకే ఫోన్.

"చిట్టీ, హోటలు ఎవడికీ కనపడ్డం లేదే. ఎదురుగా పెద్ద చెట్టుంది. టూరిస్టు బళ్లు సర్రున ఎళ్లిపోతన్నాయి. కొమ్మలు రెండు కొట్టించి పెద్ద బోర్డు నిలబెడతానని పంచాయతీలో అర్జీ పెట్టాను. నువ్వో మంచి ఫ్లెక్సీ ఏసి పట్టుకొచ్చీ."

ఈ సీజన్లో హోటల్ నిలబడకపోతే మూసెయ్యాలట. మూసేస్తే మళ్లీ జంగ్లీఘాట్ పోయి, రేవు దగ్గర ఎవరి కొట్లోనో పనికి కుదురుకోవాలట. అన్నయ్య ఇంత దీనంగా మాట్లాడ్డం నేనెప్పుడూ వినలేదు. అన్నకి పని పడింది, అదీ నా చేతిలో ఉన్న పని. నా సరదా ఇంతా అంతా కాదు.

విమానంలో అన్నయ్య మొహం

పదిహేనడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు. ఒక మూల పొగలు కక్కే ఇడ్లీలు, ఇంకో మూల దోసె, మధ్యలో అన్నయ్యా వదినల నవ్వు మొహాలు, పైన తెలుగులోనూ హిందీలోనూ 'పార్వతి టిఫిన్స్'. వెనక ఏం పెట్టాలా అని ఆలోచించాను. అండమాన్ అంటే సముద్రమే కదా. ఇంటర్నెట్‌లో వెతికి, చూడ్డానికి ఒళ్లు జలదరించే పెద్ద నీలం అలని తెచ్చి వెనక పరిచాను. మా ఆయన చూసి అదిరిపోయిందన్నారు. నేనూ అదే అనుకున్నాను. ఈ అల సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

విశాఖ విమానాశ్రయంలో, మడతలు పెట్టి చుట్టిన ఆ ఫ్లెక్సీ చుట్ట చూసి సెక్యూరిటీ అబ్బాయికి అనుమానమొచ్చింది. విప్పమన్నాడు. విప్పితే అన్నయ్య నుదురూ, ఒక కన్నూ, సగం మీసం బయటికొచ్చాయి. లైన్లో ఉన్నవాళ్లంతా మెడలు సాచి చూశారు. ఒకావిడ, "ఎవరమ్మా, ఏ పార్టీ?" అని అడిగింది. ఇడ్లీ పార్టీ అన్నాను. ఆవిడ నిజమనుకుని తలూపింది.

చెన్నైలో విమానం మారి పోర్ట్‌బ్లెయిర్ చేరాను. కిటికీలోంచి చూస్తే నీళ్లు, నీళ్ల మధ్య పచ్చటి ముద్దలు. నాకైతే డిజైన్లో రంగు ఎక్కువేశారేమో అనిపించింది.

జంగ్లీఘాట్ తెలుగు

అన్నయ్య బయట నిలబడి ఉన్నాడు. బాగా నల్లబడ్డాడు. నన్ను పలకరించక ముందే చుట్ట అందుకుని బరువు చూశాడు. నన్ను కాదురా నువ్వు పిలిచింది, దీన్ని, అన్నాను.

మొదటి రోజు జంగ్లీఘాట్‌లోనే, అన్నయ్య పాత స్నేహితుల ఇంట్లో ఉన్నాం. ఆ సందుల్లో నడుస్తుంటే మన శ్రీకాకుళం వాళ్ల గొంతులే వినబడతాయి, అయితే మాట మధ్యలో హిందీలోకి దూకేస్తారు. "భయ్యా, ఆ చేప కిత్నా? అంతా? రహనే దో, రేపు తీసుకుంటాన్లే." ఇలా సాగుతుంది బేరం. కిరాణా కొట్లో ఉన్న అమ్మాయి నాతో గలగలా తెలుగు మాట్లాడింది. నా సంచీ మీద తెలుగులో మా షాపు పేరుంది. చదవమంటే సిగ్గుపడి, "బోల్ లేతీ హూఁ దీదీ, మాటాడతాను, చదవడం రాదు" అంది. వాళ్ల తాతగారి కాలంలోనే భీమిలి నుంచి వచ్చేశారట.

చేప రేవు దగ్గర దిగినప్పుడే కొనుక్కుంటే చవక. టమాటా మాత్రం ఓడెక్కి రావాలి, అందుకని దాని ధర విని నేను గుండె పట్టుకున్నాను. మనింట్లో పప్పులో నాలుగు టమాటాలు పడేస్తాం. అక్కడ ఒక ముక్క వేసి, చింతపండుతో సర్దేస్తారు. ఆ రోజు మధ్యాహ్నం తిన్న చేపల పులుసు అచ్చం మా అమ్మ చేసినట్టే ఉంది, కాకపోతే కొబ్బరి కాస్త ఎక్కువ.

సాయంత్రం అన్నయ్య తన పాత కొట్టున్న చోటు చూపించాడు. ఇప్పుడక్కడ ఆటో సామాన్ల కొట్టుంది. ఎదురుగా పడవలు, వాటి వెనక నీళ్లు. సముద్రమంటే మన భీమిలిలో ఉన్నట్టు ఎగసిపడుతుందనుకున్నాను గానీ, చెరువులా ఊరికే పడి ఉంది.

"వదిన్ని తీసుకురాలేదేంట్రా?"

"అది ఇటు రాదు. ఆసుపత్రి పనుంటే వస్తది. వచ్చినా సముద్రం కనపడని రోడ్డు మీద తిప్పమంటది."

నేను నవ్వేశాను. దీవిలో ఉంటూ సముద్రం చూడనంటే నవ్వు రాదా. అన్నయ్య నవ్వలేదు.

ఆస్టినాబాద్ దాటాక

మర్నాడు ఎవరో తలుపు కొట్టినట్టు మెలకువ వచ్చింది. చూస్తే ఎండ మొహం మీద కొడుతోంది. అయ్యో ఎంత పొద్దెక్కిపోయిందని గబగబా లేస్తే ఇంట్లో అందరూ నిద్రలోనే ఉన్నారు. అక్కడ సూర్యుడికి తొందరెక్కువ. పొద్దున్న అంత తొందరపడి, సాయంత్రం మనం టీ తాగే వేళకే చీకటి చేసేస్తాడు.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను, చుట్ట ఒళ్లో పెట్టుకుని. ఊరు దాటి, ఆస్టినాబాద్ ఇళ్లు కూడా దాటాక నాకేదో వెలితిగా అనిపించడం మొదలెట్టింది. ఏమిటా అని బుర్ర గోక్కున్నాను. కాసేపటికి తెలిసింది. బోర్డుల్లేవు. పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్నాయి, హోటళ్లవీ, స్కూబా డైవింగ్ వాళ్లవీ. ఇక్కడ రోడ్డుకి రెండు పక్కలా చెట్లే. మా వైపు రోడ్డు మీద చెట్టు కనబడితే చాలు, దానికి మేకు కొట్టి ట్యూషన్ బోర్డో, మొలల మందు బోర్డో వేలాడదీస్తారు. ఆ బోర్డులు సగం నేను వేసినవే. ఇక్కడి చెట్లకి ఏమీ లేవు. చూడ్డానికి బాగానే ఉంది గానీ, ఈ ఊళ్లో ఉంటే నేను ఏం తిని బతకాలి అనిపించింది.

ఒక మలుపులో రోడ్డు పక్కన నీళ్లు పరుచుకుని, మధ్యలో ఎండిపోయిన మొద్దులు నిలబడి ఉన్నాయి. చెరువా అని అడిగాను.

"వరి చేలు," అన్నాడు అన్నయ్య. "భూకంపానికి నేల కిందకి కుంగిపోయింది. సముద్రం లోపలికొచ్చీసింది. మళ్లీ ఎల్లలేదు."

పక్క సీట్లో పెద్దాయన కూడా అటే చూసి, హిందీలో ఏదో గొణిగి, మళ్లీ కళ్లు మూసుకున్నాడు. బస్సు దాటేసింది.

నిద్రగన్నేరు కింద హోటల్

ఫెరార్గంజ్ దాటి కొంత దూరం పోయాక దిగాం. ముందు నాకు హోటల్ కనబడలేదు. నిజంగానే కనబడలేదు. రోడ్డంచున నిద్రగన్నేరు చెట్టు, గొడుగు పట్టినట్టు కొమ్మలు రోడ్డు మీదకి సగం దాకా చాచి ఉంది. దాని వెనక, కొమ్మల నీడలో, రేకుల కప్పు కింద హోటల్. నాలుగు బల్లలు, ఒక పొయ్యి, గుమ్మంలో మా వదిన. కూతురు చదువుకని చెన్నైలో ఉంటోంది.

వదిన నన్ను వాటేసుకుని, "దేఖో, ఎంత సన్నబడిపోయావు" అంది. ఈ అబద్ధం ఎవరు చెప్పినా నాకిష్టమే. వేడి ఇడ్లీలు పెట్టింది. చట్నీలో కొబ్బరి తప్ప ఇంకేం లేదు, ఎంత బాగుందో చెప్పలేను. ఇంత మంచి ఇడ్లీ ఎవరికీ తెలియకుండా చెట్టు వెనక దాక్కుందే అని నాకూ ఒళ్లు మండింది. ఆ రోడ్డు మీదే ముందుకెళ్తే వచ్చే జిర్కటాంగ్ గేటు దగ్గర అడవిలోకి బళ్లని గుంపులుగా వదులుతారు. ఆ గుంపు అందుకోవాలని టూరిస్టు వ్యాన్లు తెల్లారకుండానే హోటల్ ముందు నుంచి పరుగెడతాయి. అందులో సగం మంది మన తెలుగువాళ్లే. ఇడ్లీ అన్న మాట కనబడితే ఆగరూ?

తిన్నాక చుట్ట విప్పాను. బల్లలు పక్కకి జరిపి నేల మీద పరిచాం. అన్నయ్య మొహం వెలిగిపోయింది. అటు తిరిగి ఇటు తిరిగి చూసుకున్నాడు. వదిన మాత్రం అలాగే నిలబడిపోయింది. తన మొహం వెనక లేచిన అలని చూసింది. "పొయ్యి మీద పాలున్నాయి" అని లోపలికి వెళ్లిపోయింది. పొయ్యి మీద పాలేం లేవు.

నాకు అప్పుడు తగిలింది. తల కొట్టేసినట్టయింది. ప్రపంచంలో ఇన్ని బొమ్మలుండగా నేను ఆ మనిషికి తెచ్చింది ఏ బొమ్మ?

సాయంత్రం చెట్టు కింద గట్టు మీద ఇద్దరం కూర్చున్నాం. ఆకులన్నీ ముడుచుకుంటున్నాయి. నేను క్షమించమని అడగబోతే వదినే మొదలుపెట్టింది.

"నీకేం తెలుసులే చిట్టీ. ఆ ఆదివారం పొద్దున్న ముందు భూమి ఊగింది. తర్వాత నీళ్లు. పాపని ఎత్తుకుని పరుగెడతా ఉంటే మా కొట్లోని వలలు కొట్టుకొచ్చి నా కాళ్లకే చుట్టుకున్నాయి. పడిపోయాను. మీ అన్న లాగకపోతే ఖతమ్. మా వల, మా తాడు. అదే నన్ను పట్టుకుంది."

ఆ తర్వాత ఈ ఊళ్లో తెలిసినవాళ్లింటికి వచ్చారట. గోడలు బీటలిచ్చి, భూమి ఇంకా వణుకుతూ ఉండటంతో ఎవరూ ఇంట్లో పడుకోలేదు. ఊరంతా రోడ్డు మీదే. అన్నయ్య కొట్లో మిగిలిన నైలాన్ తాడుతో ఈ చెట్టుకి టార్పాలిన్ కట్టాడు. దాని కిందే పిల్లనేసుకుని ఉన్నారు. అక్కడ సముద్రం చప్పుడు వినబడదు, ఆకుల చప్పుడే. కళ్లు మూసుకుంటే నీళ్లు కనబడటం ఆగింది ఇక్కడేనట.

"చూడు," అంటూ లేచి, చెయ్యి పైకి చాచి మాను మీద పెట్టింది. బెరడులో మాను చుట్టూ ఒక లోతైన గాడి ఉంది. గాడి లోపల ఒకచోట వెలిసిపోయిన నీలం నైలాన్ పోగులు కనబడ్డాయి. "బిగించి కట్టాడు. విప్పడం మర్చిపోయాం. చెట్టు లావెక్కి తాడుని మింగేసింది."

"మరి ఈ కొమ్మలు కొట్టించడం నీకిష్టమేనా?"

వదిన ఒళ్లో రాలిన ఆకుని వేళ్లతో నలిపింది. "హోటలు పోతే జంగ్లీఘాట్ పోవాలి కదా," అంది. నాకు ఆ రెండిట్లో ఏది పెద్ద భయమో అర్థం కాలేదు. ఆమెకీ అర్థమైనట్టు లేదు.

బోర్డు పట్టుకుని నిలబడాలి

ఆ ఊరి పద్ధతి ఒకటి నాకు భలే నచ్చింది. మా దగ్గర బోర్డు పెట్టాలంటే ఎవరినో ఒకరిని పట్టుకుంటే చాలు, రాత్రికి రాత్రి లేచి నిలబడుతుంది. ఇక్కడ రోడ్డు పక్క చెట్టు కొమ్మ కొట్టాలన్నా, బోర్డు పాతాలన్నా గ్రామసభ ఒప్పుకోవాలి. సునామీ తర్వాత వాళ్లు పెట్టుకున్న కట్టుబాటట. ఆ సభ ఆఫీసులో కాదు, బోర్డు పెట్టే చోటే జరగాలి. బోర్డు పెట్టేవాళ్లు ఆ బోర్డుని అదే ఎత్తులో పట్టుకుని నిలబడాలి. జనం అటూ ఇటూ నడిచి చూసుకుని, రేపట్నుంచి రోజూ ఇది కనబడితే ఫరవాలేదా అని తేల్చుకుంటారు. కాగితం మీద గీసింది చెల్లదు. నేనింతవరకూ ఎన్ని వేల అడుగుల ఫ్లెక్సీ ప్రింటు చేశానో, ఎప్పుడూ దాన్ని పట్టుకుని జనం ముందు నిలబడలేదు. నిలబడాల్సి వస్తే సగం వేసేదాన్ని కాదేమో.

పొడుగాటి వెదురు కర్రలు నాలుగు తెచ్చి ఫ్లెక్సీ కట్టాం. ఒక కొసని అన్నయ్య, ఇంకో కొసని వదిన, మధ్యలో కర్రలు నేనూ పక్కింటాయనా. ఎత్తి నిలబెట్టాం. మేం వెనక, బోర్డు ముందు. మాకు జనం కనబడరు, మా కాళ్లు మాత్రమే వాళ్లకి కనబడతాయి. వదిన వెనక సరిగ్గా చెట్టు మాను ఉంది. గాలికి ఫ్లెక్సీ ఉబ్బుతుంటే కర్ర ఆపలేక నా చేతులు పడిపోయాయి.

ప్రధాన్, అంటే అక్కడి సర్పంచి, మాలతీ దీదీ అనే బెంగాలీ ఆవిడ. గట్టి గొంతు. అంతా హిందీలోనే నడిచింది, నాకు అర్థమైనంత చెబుతున్నాను.

"సత్యం భాయ్ మంచోడు, ఇడ్లీ కూడా మంచిదే," అందావిడ. "కానీ ఇది ఒప్పుకుంటే రేపు పోర్ట్‌బ్లెయిర్ నుంచి రిసార్టు వాళ్లొస్తారు. ఇతనికిచ్చి మాకెందుకివ్వరంటారు. అప్పుడు ఏ చెట్టు దగ్గర ఆగుతాం?"

వక్కతోట ఉన్న కోయా కాకా అనే ముసలాయన లేచాడట, గొంతు వినబడింది. "చెట్టు మళ్లీ చిగురేస్తుంది. మనిషి కడుపు మాడితే చిగురేస్తుందా? రెండు కొమ్మలే కదా అడుగుతున్నాడు. బతకనియ్యండి."

అది విని నాకు ప్రాణం లేచొచ్చింది. చాలామంది అవునవును అన్నట్టు వినబడింది. ఫ్లెక్సీ అవతల చెప్పుల చప్పుడు, అటూ ఇటూ నడిచి చూస్తున్నారు. ఎవరో అల బాగుందన్నారు. ఇంకెవరో, ఛీ అదా, అన్నారు. ఆ తర్వాత చెప్పుల చప్పుడు ఆగిపోయింది. అక్కడున్న వాళ్లందరికీ ఆ ఆదివారం గుర్తుంది మరి. నాకు ఆ కర్ర వదిలేసి పారిపోవాలనిపించింది.

"ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి," అంది దీదీ.

అప్పుడు వదిన గొంతు వినబడింది. ఫ్లెక్సీ వెనక నుంచే మాట్లాడింది. జనానికి కనబడేది నవ్వుతున్న ఆమె ఫొటో, వినబడేది వణుకుతున్న గొంతు.

"దీదీ, ఒక్క నిమిషం. నాకూ చెయ్యెత్తే హక్కుంది కదా? నా రెండు చేతుల్లో కర్రుంది, ఎత్తలేను, అందుకే చెబుతున్నా. నేను ఒప్పుకోను."

అన్నయ్య ఆ కొస నుంచి ఆమెకేసి చూశాడు. "పార్వతీ, ఏటది?"

"ఈ కొమ్మల కిందే నా కూతురు బతికింది. ఈ చెట్టుకే నువ్వు టార్పాలిన్ కట్టావు. నా మొహం పెద్దగా కనబడ్డం కోసం ఈ కొమ్మల్ని కొట్టించలేను." కాస్త ఆగి తెలుగులో, మాకు మాత్రమే అన్నట్టు అంది: "జంగ్లీఘాట్ పోవాలంటే పోదాం. నేను వస్తాను. పాతకొట్టు పక్కనైనా ఉంటాను. కొమ్మ మాత్రం కొట్టనియ్యను."

ఆమె సముద్రం కనబడే రోడ్డు మీద కూడా నడవని మనిషి. నాకు ఏడుపొచ్చేసింది. కర్ర పట్టుకునే ఏడ్చాను, ఎలాగూ ఎవరికీ కనబడను కదా.

అన్నయ్య కొస వదిలేశాడు. ఫ్లెక్సీ ఒక పక్కకి ఒరిగి, ఆ అలంతా మడతలు పడి నేల మీద కూలింది. జనం ఎదురుగా ఉన్నారు, మేం ఎదురుగా ఉన్నాం. "అర్జీ వెనక్కి తీసుకున్నాను దీదీ, రాసుకోండి," అనేసి లోపలికెళ్లిపోయాడు. చేతులెత్తే పనే లేకపోయింది. కోయా కాకా వచ్చి వదిన తల మీద చెయ్యి వేసి వెళ్లాడు.

ఆ పూట అన్నయ్య అన్నం కెలికి వదిలేశాడు. కోపం లేదని చూస్తే తెలుస్తోంది, కానీ మనిషి డీలా పడిపోయాడు. చెయ్యి కడుక్కుంటూ, "సునామీలో పోయిన దానికంటే ఇది నయమేలే," అన్నాడు. ఎవరితో అన్నాడో తెలీదు.

చినుకుల్లో టిఫిన్

నా తిరుగు ప్రయాణం ముందు రోజు. ఇంకా చీకటిగానే ఉంది, చినుకులు మొదలయ్యాయి. అక్కడ వాన అలాగే చెప్పకుండా వస్తుంది, మన దగ్గరలా ఉక్కపెట్టి, ఉరిమి, ఊరించి రాదు. రోడ్డు మీద ఒక వ్యాను ఆగింది. దిగి కాళ్లు సాచుకుంటామంటే, చెట్టు కింద తడవరని డ్రైవరు ఆపాడట. నలుగురు దిగి ఆకుల కింద నిలబడ్డారు. నిద్రగన్నేరు ఆకు ఎంత ఆపుతుంది, ఆకుల్లోంచి బొట్లు పడుతూనే ఉన్నాయి. హోటల్ దాకా పరుగెత్తి రావడానికి మధ్యలో బురద. "ఇక్కడెక్కడా నిలబడే చోటే లేదండీ," అంటోంది అందులో ఒకామె, స్వచ్ఛమైన గోదావరి తెలుగులో. కాసేపు చూసి, వ్యానెక్కి వెళ్లిపోయారు.

నేను అక్కడే నిలబడి ఆలోచించాను. మా ఊళ్లో ఫ్లెక్సీకి రెండు బతుకులుంటాయి. నాయకుడి పుట్టినరోజు అయిపోగానే ఎవరో ఒకరు విప్పుకుపోయి పాక మీద కప్పుకుంటారు, ధాన్యం మీద కప్పుకుంటారు, పకోడీ బండికి కట్టుకుంటారు. ఎంత పెద్ద నాయకుడైనా చివరికి వానలో ఎవరినో కాపాడాల్సిందే. ఇంత చిన్న సంగతి రోజూ చూస్తూ కూడా నాకు తట్టకపోవడం ఏమిటి?

మాలతీ దీదీ దగ్గరికి గొడుగేసుకుని పరుగెత్తాను, ఫ్లెక్సీని చెట్టు నుంచి పందిరిలా కట్టుకోవచ్చా అని వచ్చీరాని హిందీలో అడిగాను. ఆవిడ పళ్లు తోముకుంటూనే ఆలోచించింది. కొమ్మ కొట్టకూడదు, మేకు కొట్టకూడదు, ఫ్లెక్సీ మీది రాత రోడ్డుకి కనబడకూడదు. "తాడు కట్టుకోవచ్చు. నీడకి ఎవరు కాదంటారు?" అంది.

వచ్చేసరికి అన్నయ్య బయట కూర్చుని ఉన్నాడు. విషయం చెప్పాను. లేచి వెళ్లి, ఫ్లెక్సీ లాక్కొచ్చాడు. దాన్ని తిరగేశాడు. అల పైకి, తెల్లటి వెనకవైపు కిందకి. పట్టి చూస్తే చెట్టు నుంచి హోటల్ చూరు దాకా సరిగ్గా సరిపోయింది, కొలిచి చేసినట్టు. కింద కూర్చున్నవాళ్లకి శుభ్రమైన తెలుపే కనబడుతుంది. అన్నయ్య నవ్వూ, వదిన నవ్వూ, నా నీలం అలా ఇకనుంచి కాకులకీ వానకీ మాత్రమే. బతికి ఉండగా మా అన్నయ్య ఫొటో ఆకాశమంత ఎత్తు బోర్డెక్కిందని నేనంటే వదిన ఫక్కున నవ్వింది. ఆ నవ్వు చూసి అన్నయ్య కూడా.

హోటల్ సొంత గోడ మీద పేరు రాసుకోడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఫ్లెక్సీ మెషీను రాకముందు మా నాన్న కుంచెతో బోర్డులు రాసేవాడు, చిన్నప్పుడు రంగు కలిపి ఇచ్చేదాన్ని. హోటల్‌కి వేయగా మిగిలిన ఎర్రరంగుతో, వంకర టింకరగా, రోడ్డు వైపు గోడ మీద పెద్దక్షరాలతో 'వేడి ఇడ్లీ' అని రాశాను. వదిన పక్కన నిలబడి ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. "డి, ఇది డి కదా?" అంది. అవునన్నాను. ఇన్ని ఫ్లెక్సీలు వేసినా నా అక్షరం అంత శ్రద్ధగా ఎవరూ చదవలేదు.

అన్నయ్య బల్ల ఎక్కాడు, తాడు చెట్టుకి చుట్టడానికి. కొత్త నైలాన్ తాడు. చేత్తో మాను తడుముతూ ఎక్కడ చుట్టాలా అని చూసుకుంటున్నాడు. తడిమి తడిమి చెయ్యి ఆ పాత గాడి దగ్గర ఆగింది. కాసేపు అక్కడే ఉంచాడు. తర్వాత దాని పైన, బెరడు నున్నగా ఉన్న చోట తాడు వేసి, రెండు చుట్లు తిప్పి, ముడి మీద బలంగా లాగాడు.

అంతలో రోడ్డు మీద ఇంకో వ్యాను మెల్లగా ఆగింది. వదిన పొయ్యి దగ్గరికి వెళ్లబోతూ గుమ్మంలో ఆగి, వెనక్కి తిరిగి అంది:

"వదులుగా కట్టు. ఇంకా లావెక్కుద్ది."